రంపం మీది రాత

మీరు అక్షరాలు దేని మీద దిద్దినారు నాయనా? పలక మీదే గదా. ఆ పలకా, ఆ బలపమూ యాడ పుట్టినాయో మీ అయ్యవారు చెప్పినాడా? చెప్పడు. పాపం ఆయనకూ తెలీదు. నేను చెప్తా, ఇట్ల నీడకు జరిగి కూర్చోండి. సమ్మె చేసేటోళ్లకని కాలేజీ నుంచి బియ్యం మూట మోసుకొచ్చినారు, సంతోషం. మూట పడేసి, దండం పెట్టి పోతామంటే మాత్రం ఒప్పుకోను. విని పోవాల. మధ్యాన్నం లోపల ఈ పందిరి పీకెయ్యాలని ఇన్స్పెక్టరు పొద్దున్నే కబురు పెట్టినాడు. కాబట్టి తొందరగానే చెప్తాలే.

పందిరి ఎనక దగ్గు వినపడతాంది గదా? దాని సంగతి చివర చెప్తా.

నా పేరు పోలమ్మ. మాది పుల్లలచెరువు కాడ అడివంచు పల్లె. మూడేండ్లు వాన ఎగ్గొట్టింది. కొర్రలు పండలా, తాగే నీళ్లకే కోసెడు దూరం పోవాల్సొచ్చె. ఉన్న మేకల్ని పొదిలి సంతలో అమ్ముకొని పదేండ్ల కిందట మార్కాపురం పలకల మిల్లుకు వచ్చినాం. నేను, మా ఆయన యల్లయ్య, మా మరిది ఓబులేసు. మొగుని పేరు నోటితో చెప్పగూడదంటారు. పోలీసు కాయితాల మీదికి ఎక్కిన పేరు నేను చెప్తే ఏమి, చెప్పకుంటే ఏమి! ఓబులేసుకు అప్పుడు ఎనిమిదేండ్లు. మా అత్త పోతా పోతా వాని చెయ్యి నా చేతిలో పెట్టి పోయింది. మరిదంటారు గానీ వాడు నా మొదటి బిడ్డ.

మిల్లులో రంపం ఒకటుంది. ఇంజను తిప్పితే గిర్రున తిరిగి రాయిని బలపాలుగా కోస్తాది. ఇంగ్లీషోళ్ల సీమ నుంచి ఓడెక్కి వచ్చిందంట. యాభై ఏండ్ల నాడు దొర తెచ్చి పెట్టినాడు. స్వరాజ్యం వచ్చినాక దొర పోయినాడు, పోతా పోతా తన గుమాస్తా కాశయ్యకు మిల్లు అమ్మి పోయినాడు. కుర్చీలో మనిషి మారినాడు, రంపం మాత్రం అదే. దొర నాడు మిల్లు పక్కనే వాగు పారేదంట. పనికిరాని రాయంతా అందులోనే పోసి పోసి వాగును పూడ్చి చంపినారు. ఇప్పుడు నీళ్లు కావాలంటే రెండు మైళ్లు నడవాల.

రాయి రంపానికి తగిలితే దుమ్ము లేస్తాది చూడండీ, జొన్నపిండి మాదిరి. ఎదురుగా ఉన్న మనిషి కనపడడు. రంపం కాడ నిలబడినోడు ఎనిమిదేండ్లు, గట్టి పిండమైతే పదేండ్లు. ఆ తర్వాత దగ్గు పట్టుకుంటాది. మా పాకల్లో నడీడు మొగోడు కనపడినాడంటే వాడు కొత్తగా వచ్చినోడని అర్థం.

ఆంధ్రప్రదేశ్ అయిన రెండో ఏడు ఎండాకాలం. నేను షెడ్డు వాకిట్లో కూర్చోని పలకలు నూరుతున్నా. లోపల ఇంజను మోత. ఉన్నట్టుండి యల్లయ్య రంపం ముందరే కూలబడినాడు. దగ్గి దగ్గి కోసిన బలపాల మీదనే నెత్తురు కక్కినాడు. కాశయ్య ముక్కుకు కండువ అడ్డం పెట్టుకొని వచ్చినాడు. వచ్చి ఏమన్నాడో తెలుసా?

"ఆ బలపాలు తీసి పక్కన పెట్టండి. మరక పడితే ఎవడు కొంటాడు?"

తర్వాత మనిషిని చూసినాడు. "క్షయ. బీడీలు మానండ్రా అంటే వింటారా? ఒరే ఓబులేసూ, నువ్వు రా రంపం కాడికి."

యల్లయ్య పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టలా. ఓబులేసు అన్నను దాటుకొని పోయి రంపం పట్టినాడు. నేను చూస్తానే ఉన్నా. చూస్తా చూస్తా పలక నూరుతానే ఉన్నా. థూ, నా బతుకు! దాన్ని ఈ పొద్దుకూ మరిచిపోలేను.

యల్లయ్య ఇంక దక్కడని ఆ దినమే తెలిసిపోయింది. ఓబులేసునన్నా రంపం తినకుండా చూసుకోవాల. అప్పటి నుంచి నా కొట్లాటంతా ఆ ఒక్కదాని కోసమే.

ఇప్పుడు బుడే సాహెబ్ సంగతి వినండి. మార్కాపురంలో ఏ దుకాణం బోర్డు చూసినా ఆయన చేతి రాతే. నాకు అన్న వరస. పీర్ల పండగకు పులులకు రంగేసేది కూడా ఆయనే. మా యల్లయ్య పదేండ్లు పీర్లకు మొక్కి పులేషం కట్టినాడు, పదేండ్లూ రంగు ఈ అన్నదే. "ఏం బావా, ఏడాదికేడాది రంగు మిగిలిపోతాంది నీ కాడ. రొమ్మేమన్నా అమ్ముకుంటున్నావా?" అని ఎకసెక్కాలాడేటోడు. ఇద్దరూ నవ్వుకొనేటోళ్లు. అది నవ్వే సంగతి కాదని మాకు తట్టలా.

ఇంకో పని కూడా ఆయనదే. రంపానికి ఇనప మూత ఉంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు మూడు వరసలు. ఏటా దసరాకు ముందు బుడే సాహెబ్ వచ్చి పాత రంగు గీకి, కొత్తగా రాసి పోతాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. వాళ్ల నాయన చేసిపెట్టిన కాయితం ఒకటుంది. అక్షరాల అంచుల ఎమ్మట సూదితో చిల్లులు పొడిచిన కాయితం. దాన్ని ఇనుము మీద పరిచి, బొగ్గుపొడి మూటతో తట్టితే కింద చుక్కలు పడతాయి. చుక్కలు పట్టుకొని బ్రష్షు నడిపిస్తాడు. అది దొర పేరని ఆయనా అనుకున్నాడు, మేమూ అనుకున్నాం. ఆయుధ పూజ నాడు కాశయ్య తన చేత్తోనే ఆ అక్షరాలకు పసుపు కుంకాలు పెట్టి టెంకాయ కొట్టేటోడు. మేం కండ్లకు అద్దుకొనేటోళ్లం. నేనూ అద్దుకున్నా.

యల్లయ్య పడిపోయిన రెండు నెలలకు బుడే సాహెబ్ హైస్కూలు బోర్డు రాయను పోయినాడు. కాయితాల కట్టకు పురుగు పట్టిందని స్కూలు వసారాలో ఎండకు పరిచినాడు. పొదిలి నుంచి వచ్చిన మాల్యాద్రి అయ్యవారు వంగి చూసి, "ఏందయ్యా ఇది, యాడిది?" అన్నాడు.

ఆ సాయంత్రం బుడే సాహెబ్ మా పాకల్లోకి వచ్చినాడు. మంచం వేస్తే కూర్చోలా. నేల మీద చతికిలబడినాడు. ఎనక ఆయన పెండ్లాం ఖాతూన్‌బీ కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది.

"పోలమ్మా, నేను మనుషుల్ని చంపినానమ్మా."

"ఏందన్నా ఆ మాటలు? కల్లు తాగినావా?"

"రంపం మీద ఉండేది దొర పేరు గాదు. 'నీళ్లు పారకుండా ఈ రంపం తిప్పగూడదు. పొడి దుమ్ము ప్రాణం తీస్తాది.' అదీ దాంట్లో ఉండేది. రంపం చేసినోళ్లే రాసి పంపినారంట. మా నాయన దిద్దె, ఇరవై ఏండ్లుగా నేను దిద్దుతి. అయ్యవారు చెప్పేదాకా..."

పాకల్లో ఉన్నోళ్లంతా చుట్టూ మూగినారు. మొగుణ్ణి, ఇద్దరు కొడుకుల్ని రంపానికి ఇచ్చుకున్న సుబ్బులమ్మ ముందరికి తోసుకొచ్చి దోసెడు మన్ను ఆయన మొగం మీద కొట్టింది.

"ఏడాదికొకసారి ముద్దుగా దిద్ది దిద్ది పెట్టినావు గదరా! ఒక్క తూరి, ఒక్క తూరన్నా ఇదేందని ఎవర్నైనా అడిగినావా?"

"అడగలేదక్కా. గీత వంకర పోకుండా చూసుకునేటోణ్ణి. మా నాయన నాకు నేర్పించింది అదే." మన్ను తుడుచుకోలా ఆయన. "కొట్టక్కా. ఇంకా కొట్టు."

"సాయిబును కొడితే పోయినోళ్లు వస్తారా?" అన్నాడు అంకయ్య తాత. పాకల్లో ఆయనొక్కడే ముసిలోడు, గనిలో పని చేసినోడు కాబట్టి మిగిలినాడు. "దేశంలో పిల్లకాయలకంతా పలకలు చేసి ఇస్తిమి. మనలో ఒక్కడికన్నా అక్షరమొచ్చా? రోజూ దాని ముందరే నిలబడి చస్తిమి."

అప్పుడు ఓబులేసు మెల్లగా అన్నాడు, "కాశయ్యకు వచ్చు గదా ఇంగ్లీషు."

అందరూ వాని దిక్కు తిరిగినారు.

"దొర ఉత్తరాలన్నీ ఆయనే గదా రాసేటోడు. చదవకుండా ఉంటాడా?"

ఆ అక్షరాలకు కుంకం బొట్లు పెట్టిన కాశయ్య చెయ్యి అందరికీ కండ్ల ముందరే కనపడతాంది. ఏడుపులు, శాపనార్థాలు. సమ్మెట తెచ్చి రంపాన్ని రెండు ముక్కలు చేస్తానని ఓబులేసు లేచినాడు. ఇరగ్గొడితే రేపు కూడు యాడిదిరా అని అంకయ్య తాత రెక్క పట్టుకున్నాడు. నాకు కోపమొచ్చింది.

"రంపమేం చేసిందిరా? నీళ్లు పొయ్యండి, నీళ్లు పొయ్యండి అని యాభై ఏండ్ల నుంచి అది మొత్తుకుంటానే ఉంది. మనుషులకు లేని నీతి ఇనుముకుంది. దాని మాటే పోయి అడుగుదాం."

"నీళ్ల కొళాయి కూడా ఉంది" అన్నాడు బుడే సాహెబ్. "గీకేటప్పుడు ప్రతేడూ చేతికి బుడిపె తగిలేది. సీసం పోసి మూసినారు, పైన రంగేసినారు. ఆ రంగేసిందీ మేమేనమ్మా."

మర్నాడు ముప్పై మందిమి పోయినాం. కాశయ్య చావిట్లో వక్కాకు నములుతున్నాడు.

"నీళ్లా? ఈ గడ్డ మీద తాగనే లేవు, రంపానికి నీళ్లంట!"

"కావిళ్లతో మేం మోస్తాం. ఇంటికొకరం. నువ్వు కూలి కూడా ఇయ్యబాకు" అన్నా నేను.

"తడిసిన బలపం ఆరను మూడు దినాలు పడతాది. అంతదాకా రైలు ఆగుతాదా? ఈ లెక్కలన్నీ చూసుకొనే గదా దొర ఆ కొళాయి మూయించింది. నేనా మూసింది?"

అని నాలుక కరుచుకున్నాడు.

"అంటే నీకు తెలుసు" అన్నాడు ఓబులేసు.

కాశయ్య లేచి లోపలికి పోయినాడు. సందేళకు కమ్మరిని పిలిపించి, ఉలి పెట్టి మూత మీది అక్షరాలన్నీ చెక్కి తీసేయించినాడు. కొళాయి బుడిపెను కోయించినాడు. మాల్యాద్రి అయ్యవారు రాసిన అర్జీ చూసి కర్నూలు నుంచి ఆఫీసరొకాయన వచ్చినాడు. మూత చుట్టూ తిరిగి, "ఏమీ లేదే ఇక్కడ" అని కాఫీ తాగి పోయినాడు.

ఆ సీమలో ఇట్లాంటి రంపం కాడ నీళ్లు పారతానే ఉంటాయంట, అయ్యవారు చెప్పినాడు. అక్కడి కూలోడు మనిషి. ఈడికొచ్చేసరికి అదే రంపానికి నీళ్లు దండగ. దొర లెక్క అది. కాశయ్య ఆ లెక్కను కూడా మిల్లుతో పాటే కొనుక్కున్నాడు.

అంతా అయిపోయిందని తలకాయలు వంచుకొని కూర్చుంటే ఖాతూన్‌బీ వచ్చింది. చంకలో గొట్టం మాదిరి చుట్టిన కాయితం. చిల్లుల కాయితం.

"ఇనుము మీద రాస్తే చెక్కేసినారు. మనిషి మీద రాస్తే ఏం చేస్తారో చూస్తాం. ఎనిమిది దినాల్లో పీర్ల పండగ."

మాకు ఊపిరొచ్చింది. ఎందుకో చెప్తా. పులి వాకిట్లోకి వస్తే తలుపు మూయగూడదు. మూస్తే ఆ ఇంటికి కీడు. ఎంత గొప్పోడైనా బయటికొచ్చి, ఆట చివరిదాకా నిలబడి చూసి, పులికి గుడ్డ కప్పాల. అది ఈ ప్రాంతం ఆచారం. మేం పిలిస్తే రానోడు పులి పిలిస్తే రాక తప్పదు.

పండగ నాటి పొద్దున పీర్ల చావిడి ఎనక తొమ్మిది మంది మొగోళ్లు చేతులు చాపి నిలబడినారు. అందరికీ పసుపు రంగు, కాళ్లకూ చేతులకూ చారలు. రొమ్ము మీద మాత్రం చారలు లేవు. కాయితం పరిచి, మూటతో తట్టి, ఇంగ్లీషు మూడు వరసలూ నల్లగా దించినాడు బుడే సాహెబ్. వీపు మీద అదే మాట తెలుగులో. దానికి కొత్త కాయితం పొడిచినాడు. ఒక్కొక్క అక్షరం అర్థం అయ్యవారిని అడిగి మరీ పొడిచినాడు.

అప్పుడొచ్చినాడు యల్లయ్య, రంగు ఆరిన ఓబులేసు భుజం పట్టుకొని.

"నాకూ వెయ్యి బావా."

"వద్దు. రంగేస్తే ఒళ్లు మూసుకుపోతాది. నీకు గాలాడదు."

"ఆడుతుంటే గదా ఆగేది! మొక్కు తీర్చకుండా సావమంటావా నన్ను?"

నన్ను చూసినాడు బుడే సాహెబ్. నేనేం చెప్పేది? వెయ్యమన్నా. నా నోటితోనే అన్నా.

కాయితం ఆ రొమ్ము మీద పరుచుకోలా. ఎముకల మీద లేచి లేచి నిలబడింది. నేను రెండు చేతులా అదిమి పట్టుకున్నా. రాసిన అక్షరం ఆరకముందే దగ్గొచ్చి పగిలిపోయేది. మళ్లా దిద్దేటోడు, మళ్లా పగిలేది. బుడే సాహెబ్ కండ్లల్లో నీళ్లు కారిపోతున్నాయి. "ఏడవొద్దు బావా, గీత వంకర పోతాది" అన్నాడు యల్లయ్య. నవ్వినాడు కూడా.

తప్పెట్లు మోగినాయి. ఊరంతా తిరిగి, జనాన్నంతా ఎనకేసుకొని, అస్సోయ్ దూలా అని పీర్ల కేకలేసుకుంటా కాశయ్య వాకిటికి పోయినాం. బయటికొచ్చినాడు. చేతిలో తాంబాళం, అందులో గుడ్డలు. మొదటి పులి రొమ్ము చూసినాడు, చదివినాడు. లోపలికి పోను లేదు, ఆట ముగియలా. తప్పెట్లు టక్కున ఆగినాయి. పులులు పదిమందీ ఒక్కసారి వీపులు తిప్పి నిలబడినారు. హైస్కూలు పిల్లకాయలు పాఠం చదివినట్టు గట్టిగా చదివినారు. "నీళ్లు పారకుండా ఈ రంపం తిప్పగూడదు. పొడి దుమ్ము ప్రాణం తీస్తాది." చదువు రానోళ్లు విని పలికినారు. బజారంతా పలికింది.

కాశయ్య చేతిలో తాంబాళం కింద పడింది. ముందే పిలిపించి పెట్టుకున్నట్టున్నాడు, పోలీసులు సందులో నుంచి వచ్చి పడినారు. లాఠీలకు పసుపు రంగంటింది. దొమ్మీ కేసని బుడే సాహెబ్‌ను జుట్టు పట్టి ఈడ్చుకుపోయినారు. "చెయ్యి ఇరగ్గొట్టండి, కాయితం యాడుందో చెప్పను!" అని అరుస్తా పోయినాడు. ఖాతూన్‌బీ ఏడవలా. కాయితం ఆమె రైక లోపలుంది.

యల్లయ్య పరిగెత్తలా. ఆ గడప మెట్టు మీదనే కూర్చుండిపోయినాడు. మోసుకొని పాకకు తెచ్చినాం. తెల్లారేసరికి పోయినాడు. చివరికి ఆ నోరు తెరుచుకొని గాలి కోసం... వద్దులే నాయనా, అది చెప్పలేను.

పక్క పాక అంకాలమ్మవ్వ వేణ్ణీళ్లు, కిరసనాయిలు గుడ్డ తెచ్చింది. పులి రంగుతో కాటికి పంపగూడదే, కడగాల అంది. ఆ మాట నిజమే. ఆచారం నాకూ తెలుసు. నేను కడగనియ్యలా. "రంగుతోనే పోతాడు. మిల్లు మీదుగా పోతాడు" అన్నా. అవ్వ నన్ను తిట్టింది. తిట్టి తిట్టి, తనే పాడె ముందర నడిచింది. డాక్టరు కాయితం మీద క్షయ అని రాసినారు. మా ఆయన రొమ్ము మీద ఇంకోటి రాసుంది. పాడెను మిల్లు గేటు ముందర దించినాం. ఊరోళ్లు వచ్చి చూసుకున్నారు, చదువుకున్నారు.

లోపల ఇంజను తిరుగుతానే ఉంది. ఓబులేసు లోపలికి పోయినాడు, ఒంటి మీద పులి రంగు అట్లనే ఉంది. ఇంజను ఆపినాడు. "నీళ్లు వచ్చేదాకా దీన్ని ముట్టుకునేటోడు మా అన్న మీద కాలేసి పోవాల" అన్నాడు. ఎవరూ ముట్టుకోలా. ఈ పొద్దుకు అరవై రెండో దినం.

బుడే సాహెబ్ కర్నూలు జైల్లో ఉన్నాడు. వేరే జిల్లా నుంచి కూలోళ్లను లారీలో తెస్తున్నారంట. పందిరి పీకమనేది అందుకే. వాళ్లూ మా మాదిరే వాన లేక వచ్చేటోళ్లే, వాళ్లను నేను తిట్టను. రంపం ముందర నిలబడక ముందే ఆ రాత చూపించాల, అంతే.

ఇప్పుడింకో మాట, ఎవరికీ చెప్పంది. పండగకు ముందు ఎనిమిది దినాలు ఆడోళ్లం షెడ్డులో పనిలోనే ఉన్నాం గదా. ఖాతూన్‌బీ ఆ కాయితాలు నాకిచ్చింది. నల్లటి పలక మీద బొగ్గుపొడి కనపడదు. అందుకని మా దుమ్మే మూట కట్టినాం. రాతి దుమ్ము, మా వాళ్లను తిన్న దుమ్ము. దాంతో తట్టితే చుక్కలు తెల్లగా పడినాయి. మేకు పెట్టి గీకినాం. ఒకరు కాపలా, ఒకరు తట్టను, ఇద్దరు గీకను. ఎన్ని గీకినామో నాకు తెలీదు, చేతులు పుండ్లయినాయి. కాశయ్య చూడకుండానే రైలెక్కి పోయినాయి. మీ ఇండ్లల్లో ఈ ఏడు బళ్లో వేసిన చిన్నపిల్లలుంటే వాళ్ల పలకలు తిప్పి చూడండి. అది తుడిస్తే పోదు.

ఆ దగ్గేందని అడిగినావు గదమ్మా ఇందాక. వినపడతాంది గదా మళ్లా? మా ఓబులేసు. మూడు నెలలే నిలబడినాడు రంపం కాడ. నేను అడ్డం పడేలోపలే మూడు నెలలు. రోజూ పొద్దున వాని రొమ్ము మీద చెవి పెట్టి వింటా. మొన్నటి నుంచి లోపల గరగరమంటాంది. నేనోడిపోయినా నాయనా. వాని కాడ ఓడిపోయినా. ఆ లారీలో వచ్చేటోళ్ల తమ్ముళ్ల కాడ ఓడిపోను.

అదిగో, జీపు. ఎనక లారీ కూడా ఉంది. పోయేటోళ్లుంటే ఆ పక్క నుంచి పోండి, ఏమీ అనుకోను. ఓబులేసూ, రా నాయనా, ముందరికొచ్చి కూర్చో. ఖాతూన్ వదినె, మనం గీకి దాచిపెట్టిన ఆ పలకలు తీసి తలా ఒకటి ఇయ్యి.

నువ్వు పట్టుకో అమ్మా. నీకు ఇంగ్లీషు వచ్చు గదా? నాకు రాదు. లే, ఆ లారీకి ఎదురుగా పోయి నిలబడి చదువు. ముందు దాంట్లో ఉన్నట్టు చదువు, తర్వాత మన తెలుగులో చదువు. పెదాలు కదిలిస్తే చాలదు. లారీలో ఉన్నోళ్లకు వినపడాల, గట్టిగా చదువు.